గాదె ఎప్పుడు ఖాళీ అయింది?

గిరిజనులకు రేపటి చింత లేదు, దొరికిన రోజు తింటారు, దొరకని రోజు పస్తుంటారు. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నప్పుడు మేము ఈ మాట విన్నాం. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. సెలవులకు ఇంటికొచ్చి పొయ్యి పక్కన పడుకుంటే పైన విత్తనాల బుర్రలు వేలాడుతుండేవి. ఆ మాటకీ ఈ బుర్రలకీ పొసగదని అప్పట్లో మాకు తట్టలేదు.

విశాఖ మన్యంలో, అంటే ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, మా పెద్దల ఇళ్లలో గాదె ఉండేది. వెదురు బద్దలతో అల్లి, మట్టీ పేడా కలిపి మెత్తిన పెద్ద బుట్ట అది. నేల తడి ఎక్కకుండా రాళ్ల మీద నిలబెట్టేవారు. చోళ్లు, సామలు బాగా ఎండబెట్టి అందులో పోసేవారు. సామలు పొట్టుతోనే ఉండాలి, దంచుకోవడం ఏ రోజుకారోజే. చోళ్లయితే ఏళ్ల తరబడి నిల్వ ఉంటాయి, పురుగు ముట్టదు. కందులకు పురుగు త్వరగా పడుతుంది గనుక ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టేవారు. చిక్కుడు గింజలకు బూడిద కలిపేవారు. విత్తనం సంగతి వేరు. ఎండిన సొరకాయ బుర్రలోనో అడ్డాకు పొట్లంలోనో కట్టి, పొయ్యి పైన పొగ తగిలే చోట వేలాడదీసేవారు. ఇంట్లో ఎంత ఆకలైనా ఆ బుర్ర మూత తీయకూడదు. రేపటి చింత లేనివాళ్లు చేసే పనేనా ఇది?

వానాకాలం నడిమికి గాదె అడుగంటేది. ఆ నెలల కోసం మామిడి టెంకలు ముందే ఎండబెట్టి దాచేవారు. జీడి తీసి, నీళ్లలో నానబెట్టి వగరు పోగొట్టి, పిండి చేసి అంబలి కాచేవారు. అదీ అయిపోతే జీలుగు చెట్టు కొట్టి, మొవ్వు దంచి పిండి తీసేవారు. పాపికొండల కొండరెడ్ల దగ్గర హైమండార్ఫ్ ఈ తిండినే చూసి, 1945లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. కల్లిచ్చే జీలుగును ఊరికే ఎవరూ నరకరు. కల్లు చెట్ల మీద పన్ను 1879 రంప తిరుగుబాటుకు ముఖ్య కారణాల్లో ఒకటని మన పిల్లలకు చెప్పాలి.

గాదె ఖాళీ అవడం ఒక్క ఏడాదిలో జరగలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడుకు హద్దులు పడ్డాయి. పోడు తగ్గితే చోళ్లూ సామలూ తగ్గుతాయి. ఇంకోవైపు సంతలో ఉప్పుకీ బట్టకీ షావుకారు దగ్గర అప్పు. పంట కళ్లంలో ఉండగానే అతను కావిడితో వచ్చేవాడు. వడ్డీనీ భూమి చేతులు మారడాన్నీ అదుపు చేయడానికి 1917లో ఏజెన్సీ చట్టం తేవలసి వచ్చిందంటేనే దోపిడీ ఎంతుందో తెలుస్తుంది. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యాన్ని మేము తక్కువ చేయం. అది లేకపోతే మాలో చాలామంది ఖాళీ కడుపుతో బడికి వెళ్లేవాళ్లం. అయితే మిల్లు పట్టిన బియ్యం వానాకాలంలో రెండు మూడు నెలలకే పురుగు పడుతుంది. నెలనెలా వచ్చేదానికి గాదె ఎందుకని ఇళ్లలో దాన్ని కోళ్లకు వదిలేశారు.

2001లో మన సరిహద్దుకు అవతల, ఒడిశాలోని కాశీపూర్‌లో మామిడి జీడి అంబలి తాగి చాలామంది చనిపోయారు. బూజు పట్టిన జీడే కారణమని ప్రభుత్వం అంది. వేరే తిండి లేకనే దాన్ని తిన్నారని మరికొందరన్నారు. మాకు రెండూ నిజమే అనిపిస్తాయి. తడి చేరిన జీడి విషమవుతుంది, అది మా ముసలమ్మలకు బాగా తెలుసు. ఇంట్లో చోళ్లు ఉంటే బూజు పట్టినదాన్ని పారేస్తారు. ఏమీ లేనప్పుడు పారేయడానికి చెయ్యి రాదు.

మొన్న వేసవి సెలవుల ముందు ఇంట్లో పాత నిల్వ సామాను ఏదుంటే అది తెమ్మని మా తరగతి పిల్లలకు చెప్పాం. చాలామంది ప్లాస్టిక్ డ్రమ్ముల గురించి చెప్పారు. ఒక పిల్ల మాత్రం మసి పట్టిన సొరకాయ బుర్ర పట్టుకొచ్చింది. ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి. బడిలో ఉంచుదాం అన్నాం. "వద్దు సార్, సాయంత్రానికి ఇచ్చేయమంది మా అవ్వ. వానలు పడితే విత్తాలంట" అంది.