ఒక్క చేతి గడియారాలు: జార్జ్ డేనియల్స్

గడియారాల వృత్తిలో పని పంచుకోవడం ఫ్యాక్టరీలతో మొదలైంది కాదు. పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లోనే కేసు ఒకరు చేసేవారు, డయల్ ఇంకొకరు, స్ప్రింగు మరొకరు. వాటన్నిటినీ కూర్చినవాడి పేరు డయల్ మీదకెక్కేది. అలాంటి వృత్తిలో 1969లో జార్జ్ డేనియల్స్ ఒక జేబు గడియారాన్ని కేసు, డయల్, ముళ్ళు, పళ్ళచక్రాలతో సహా దాదాపు మొత్తం తానే చేసి, మిత్రుడు సెసిల్ క్లటన్‌కు అమ్మాడు. సరిగ్గా అదే ఏడాది చివర జపాన్ కంపెనీ సైకో బ్యాటరీతో నడిచే మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. కీ ఇచ్చే గడియారాలకు కాలం చెల్లిందని స్విస్ కంపెనీలే బెంబేలెత్తిన దశాబ్దంలో, కీ ఇచ్చే గడియారాన్ని ఇంకా బాగుచేయవచ్చని నమ్మి కూర్చున్న మనిషి డేనియల్స్.

1926లో ఇంగ్లండ్‌లోని సండర్లాండ్‌లో పుట్టాడు. లండన్‌లో కటిక పేదరికంలో పెరిగాడు. సైన్యం నుంచి బయటికొచ్చాక పగలు గడియారాలు రిపేరు చేస్తూ, రాత్రి తరగతుల్లో ఆ విద్యే చదువుకున్నాడు. రిపేరు పనే అతణ్ణి పాతకాలపు గొప్ప గడియార నిపుణుడు అబ్రహాం లూయీ బ్రెగే చేసిన గడియారాల దగ్గరికి చేర్చింది. వాటిని విప్పి, బాగుచేసి, చివరికి 1975లో బ్రెగే కళ మీద పెద్ద గ్రంథమే రాశాడు. సన్నని గీతలు చెక్కిన వెండి డయల్, నాజూకైన ముళ్ళు, ఒకదాన్నొకటి తాకే చిన్న వలయాలు: డేనియల్స్ శైలిలో బ్రెగే ఛాయ దాగదు. అయితే ఆ అందమంతా లోపలి యంత్రం అమరికను అనుసరించి వచ్చింది. పనిలేని అలంకారం అతని డయల్ మీద నాకెక్కడా కనబడదు.

అతని అసలు గొప్పతనం కంటికి కనబడని చోట ఉంది. గడియారంలో స్ప్రింగు శక్తిని కొద్దికొద్దిగా వదిలే భాగం ఎస్కేప్‌మెంట్. పాత ఇంగ్లిష్ గడియార నిపుణుడు థామస్ మడ్జ్ కాలం నుంచి వస్తున్న లీవర్ పద్ధతిలో చక్రం పళ్ళు లీవర్‌కు బిగించిన చిన్న రాయి మీద జారుతూ శక్తినందిస్తాయి. జారాలంటే నూనె కావాలి. నూనె ఏళ్ళు గడిచేకొద్దీ చిక్కబడుతుంది, గడియారం గతి తప్పుతుంది. డేనియల్స్ ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు అమర్చి, ఆపే పనినీ తోసే పనినీ విడదీశాడు. రాపిడి స్థానంలో చిన్న తోపు వచ్చింది, ఆ చోట నూనె అవసరం దాదాపు పోయింది. ఇదే కోయాక్సియల్ ఎస్కేప్‌మెంట్. 1980లో పేటెంటు వచ్చింది. ఆ తర్వాత కథ ఓపికది. స్విస్ కంపెనీల గుమ్మాలు తొక్కాడు, వాళ్ళ గడియారాల్లోనే తన పరికరాన్ని బిగించి నడిపి చూపించాడు. వాటిలో ఒమేగా దాన్ని మార్కెట్లోకి తెచ్చేసరికి 1999, అతనికి డెబ్బై దాటాయి. కనిపెట్టడం కంటే ఈ పట్టుదలే నాకు పెద్దదనిపిస్తుంది.

ఈలోగా 1982లో అతని ‘స్పేస్ ట్రావెలర్’ జేబు గడియారం వచ్చింది. చంద్రుడి మీద మనిషి కాలుమోపిన ఘట్టానికి అది నివాళి. సూర్యుణ్ణి బట్టి లెక్కించే కాలాన్నీ, నక్షత్రాలను బట్టి లెక్కించే కాలాన్నీ పక్కపక్కనే చూపిస్తుంది. ఈ రెండు లెక్కల రోజుల మధ్య తేడా నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ. ఆ తేడాను పళ్ళచక్రాల లెక్కలో పట్టుకోవడం సామాన్యం కాదు.

తన విద్యను దాచుకోకుండా 1981లో ‘వాచ్‌మేకింగ్’ పుస్తకంలో రాసిపెట్టాడు. దాన్ని చదివి ఇంగ్లండ్‌లోని బోల్టన్ కుర్రాడు రోజర్ స్మిత్ సొంతంగా ఒక జేబు గడియారం చేసి, ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో ఉన్న డేనియల్స్‌కు తీసుకెళ్ళి చూపించాడు. చేత్తో చేసినట్టు కనబడుతోందని ఆయన తిప్పి పంపాడు. మంచి గడియారం మీద చేసినవాడి చేతి జాడ కనబడకూడదన్నది ఆయన పట్టింపు. స్మిత్ మళ్ళీ మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి చేసిన రెండో గడియారంతో ఒప్పించాడు. 1998లో ఆయన దగ్గరే పనిలో చేరాడు.

2011లో డేనియల్స్ కన్నుమూశాడు. అప్పటికే స్మిత్ ఆ జంట చక్రాలను ఒకే చక్రంగా మలిచి, బరువు తగ్గించి, గురువు పరికరాన్ని మరో మెట్టు పైకి తెచ్చాడు. ఇప్పటికీ అదే దీవిలో ఏటా కొద్ది గడియారాలే చేస్తున్నాడు.