భూగర్భజల గణనము - ఉపమానముల చరిత్ర

భూమి లోపలి నీటి గమనమును కంప్యూటరుచే గణించు విద్య యంత్రముతోబాటే పుట్టినదను తలంపు కొందరికి కలదు. అది సరికాదు. సూత్రము యంత్రమునకు నూరేండ్లు పెద్దది. ఈ విద్యాచరిత్రను మన ఆలంకారికుల పరిభాషలో ఉపమానముల పరంపర యనవచ్చును. కంటికి కానరాని ఊట ఉపమేయము. దానికి పోల్చిన వస్తువు కాలక్రమమున మారుచు వచ్చినది.

మొదటి ఉపమానము ఇసుక. ఫ్రాన్సులోని డిజాన్ నగరమునకు మంచినీటి వసతి కల్పించిన ఇంజనీరు హెన్రీ డార్సీ, ఇసుక నింపిన నిలువు గొట్టము గుండ నీటిని పంపి పరీక్షించెను. ప్రవాహము రెండుకొనల నీటిమట్టముల భేదమునకు అనులోమముగను, ఇసుక పొడవునకు విలోమముగను ఉండునని 1856లో ప్రకటించెను. 1935లో అమెరికాలో చార్లెస్ థీస్, ఘనపదార్థములందు వేడి వ్యాపించు గణితమును తెచ్చి, బావిని తోడుకొలది చుట్టుపట్ల నీటిమట్టము ఎట్లు దిగునో చూపెను.

పిదప విద్యుత్తు వచ్చినది. ఈ ఘట్టము మిక్కిలి ముచ్చటైనది. 1950, 1960 దశకములలో అమెరికా భూవిజ్ఞాన సర్వేవారు నిరోధకములను వలవలె అల్లి భూస్తరమునకు ప్రతిరూపము కట్టిరి. అందు వోల్టేజి నీటిమట్టమునకు, విద్యుత్ప్రవాహము జలప్రవాహమునకు, కెపాసిటరు నేల దాచుకొను నీటికి సాటి. ధర్మమునకు ధర్మము ఇట్లు సరిపడిన పూర్ణోపమ కావ్యములందును అరుదేమో!

1968లో జార్జి పిండర్, జాన్ బ్రెడెహాఫ్టు అంకెల కంప్యూటరును ఈ పనికి నియోగించిరి. భూస్తరమును గళ్ళుగా విభజించి, గడిగడికి నీటి రాకపోకల లెక్కను సరిపుచ్చుట ఈ పద్ధతి. 1984లో మెక్‌డొనాల్డు, హార్బా వెలువరించిన మాడ్‌ఫ్లో దీనిని లోకమంతట వ్యాపింపజేసెను. తీగెల వలను చూచినవాడు దానిని భూమి యని భ్రమింపడు. రంగులు పులిమిన పటమును చూచినవానికి ఆ మెలకువ సన్నగిల్లును. ఉపమానము ఉపమేయమును మింగివేయు రూపకాతిశయోక్తి ఇచ్చట శాస్త్రమున ప్రవేశించినది.

దీనిని మొదట ఎత్తిచూపినవారిలో ఆ బ్రెడెహాఫ్టే ఒకడగుట గమనింపదగినది. ఇట్టి నమూనాలను తప్పని చూపవచ్చునే గాని సత్యమని స్థాపింపజాలమని 1992లో లియొనార్డ్ కొనికొవ్‌తో కలిసి వాదించెను. బావుల మట్టములు ఒకటే యైనను, వానిని రాబట్టు అంకెల కూర్పులు పెక్కులుండవచ్చును గదా!

మన రాతినేలలో ఈ చిక్కు మరింత పెద్దది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్సు భూవిజ్ఞాన సంస్థ కలిసి 1999లో స్థాపించిన కేంద్రము మహేశ్వరము పరీవాహకమును పరిశోధించినది. అచ్చట నీరు నిలుచునది శిథిలమైన నల్లరాతి పొరయందు, దాని క్రింది పగుళ్ళయందు. డార్సీ ఇసుకయందు గాదు. ఒక బోరు నిండుగ పోయుచుండ దాని ప్రక్క బోరు ఎండియుండుట రైతులెల్లరు ఎరిగినదే. ఇట్టి నేలకు నమూనా కట్టువారు సాధారణముగ పగుళ్ళను ఒక్కొక్కటిగా గాక సగటుగ గ్రహింతురు. కావున ఊరంతయు తోడు నీటికి మట్టమెంత దిగునని అడిగినచో ఆ లెక్క బదులు చెప్పగలదు. ఒక రైతు తన చేనిలో బోరు ఎచ్చట వేయవలెనని అడిగినచో చెప్పజాలదు.