పోయిన క్షణమును మఱల రప్పించుట



చిరకాలము బడిపంతులుగా పనిచేసిన నాకు ఒక చిక్కు బాగుగా తెలియును. ఇంటివద్ద లెక్క తప్పుచేసిన బాలుని పిలిచి, "ఏదీ నాయనా, ఎట్లు చేసితివో నా యెదుట మఱల చేయుము" అందును. వాడు నా యెదుట చక్కగా చేయును. పలక తుడిచివేసినాడు గనుక సాక్ష్యము లేదు. తప్పు ఎక్కడ పుట్టినదో వానికిని తెలియదు, నాకును తెలియదు. మఱునాడు మఱల అదే తప్పు. కన్నులయెదుట నిలువని దోషమును దిద్దుట యెట్లు?

కంప్యూటర్లకు సయితము ఈ జబ్బు కలదు. జిమ్ గ్రే అను అమెరికా పండితుడు 1985లో, యంత్రములు ఏల ఆగిపోవుచున్నవని విచారించుచు వ్రాసిన వ్యాసమున, వెదకబోగా మాయమగు దోషములను హైసెన్‌బగ్గులని పేర్కొనెను. హైసెన్‌బర్గ్ అను భౌతికశాస్త్రవేత్త పేరునుండి పుట్టిన చమత్కారపు మాట యది.

అయితే ఇది చమత్కారముతో తీఱిపోవు సంగతి కాదు. 1986 మార్చినెలలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున టైలర్ పట్టణములో, రాచపుండునకు కిరణచికిత్స చేయు థెరాక్-25 అను యంత్రము ఒక రోగిపై మితిమీఱిన కిరణములను ప్రసరింపజేసెను. పరీక్షించినవారికి దోషము మఱల కనబడలేదు. కనబడలేదు గనుక యంత్రమును తిరిగి వాడుకలోనికి తెచ్చిరి. ఏప్రిలునెలలో మఱొక రోగికి అదే గతి పట్టెను. ఇరువురును తరువాత మరణించిరి. రెండవ ప్రమాదము జరిగినపిమ్మట ఆ ఆస్పత్రి భౌతికశాస్త్రజ్ఞుడును, యంత్రమును నడపిన ఉద్యోగినియు కూర్చుండి, ఆమె ఆనాడు మీటలు నొక్కిన తీరును జ్ఞాపకము చేసికొని, పదేపదే నొక్కి చూచి, తుదకు ఆ దోషమును రప్పింపగలిగిరి. ఆమె ఒక అక్షరమును పొరపాటున కొట్టి వెంటనే దిద్దెను. దిద్దుబాటు సరియైనదే. కాని అది యంత్రము గ్రహింపలేనంత త్వరగా జరిగెను. ఏమి కొట్టెననుటకంటె ఎప్పుడు కొట్టెననునది అచ్చట ప్రాణములు తీసినది. ఆ 'ఎప్పుడు' అనుదానికి ఆమె వ్రేళ్ల జ్ఞాపకము తప్ప వేఱొక లిఖితము లేకపోయెను.

అట్టి 'ఎప్పుడు'ను వ్రాసిపెట్టుకొని, గడచిన నడకను అక్షరము తప్పక మఱల నడపించు విద్య యొకటి పుట్టినది. దాని చరిత్రను, అందును ముఖ్యముగా డిస్కు విషయమున అది యెట్లు సాగెనో మనవిచేసెదను.

మొదట ఎమ్యులేటరన నేమో చెప్పవలెను. ఒక కంప్యూటరులో నడచు ప్రోగ్రాము మఱొక కంప్యూటరు వేషము ధరించుటయే ఎమ్యులేషను. లోపలి యంత్రము తాను నిజమైన యంత్రమనుకొనియే పనిచేయును. దాని డిస్కు బయటి యంత్రమున నున్న ఒక దస్త్రము మాత్రమే. వేషధారి యొక్కొక్క అడుగును బయటినుండి చూడవచ్చును, లెక్కింపవచ్చును, ఆపవచ్చును.

పదునాఱవ యెక్కము ఏ బాలుడు చదివినను ఒక్కటే. అట్లే ఒకే స్థితినుండి బయలుదేఱి, ఒకే ఆజ్ఞలను వరుసగా నెఱవేర్చు యంత్రము ఒకే ఫలితమును పొందవలెను. మఱి నిన్నటి నడక నేడేల మాఱుచున్నది? బయటినుండి వచ్చువానివలన. మనుష్యుడు నొక్కు మీటలు, గడియారము చెప్పు కాలము, తంతులద్వారా వచ్చు వార్తలు, డిస్కునుండి వచ్చు సమాధానములు: ఇవి లోపలివారి చేతిలోనివి కావు.

వీనిలో డిస్కు స్వభావము విచిత్రము. ఒక కచేరీని తలచుకొనుడు. అధికారి పని చేసికొనుచు, దఫ్తరముగదినుండి ఫలానా కట్ట తెమ్మని బంట్రోతును పంపును. కట్టలోని వ్రాత మాఱదు. నిన్న తెచ్చినను నేడు తెచ్చినను అదే. కాని బంట్రోతు ఒకనాడు చిటికెలో వచ్చును, ఒకనాడు ఆలస్యము చేయును. ఈలోపల అధికారి వేఱు అర్జీలు చూచుచుండును. కట్ట మూడవ అర్జీ మధ్యలో వచ్చినచో ఒక తీర్పు, నాలుగవ దానిలో వచ్చినచో ఒక తీర్పు అయ్యెనేని, తప్పు కచేరీ పద్ధతిలో నున్నట్లే. కాని ఆ తప్పు కట్టను ఎన్నిమాఱులు చదివినను కనబడదు.

నిమిషమునకు 7200 సారులు తిరుగు డిస్కు ఒక్క చుట్టు తిరుగుటకు సెకనులో 120వ భాగము పట్టును. సెకనునకు నూఱుకోట్ల ఆజ్ఞలు నెఱవేర్చు యంత్రము ఆలోపల 83 లక్షల ఆజ్ఞలు నడచిపోవును. బంట్రోతు ఒక్క చుట్టు ఆలస్యమైనచో అధికారి ఎంత దూరము పోయియుండునో ఊహించుడు.

ఇక చరిత్ర. 1987లో రాచెస్టరు విశ్వవిద్యాలయమునకు చెందిన లెబ్లాంక్, మెల్లర్-క్రమ్మీ అనువారు, పలువురు కూడి పనిచేయునప్పుడు చేతులు మాఱు విషయములనెల్ల వ్రాయనక్కఱలేదనియు, ఎవరి తరువాత ఎవరు తాకిరను వరుసను వ్రాసిన చాలుననియు నిరూపించిరి. ఈ విద్యకు అది గట్టి పునాది.

1995లో బ్రెస్సూడ్, ష్నైడర్ అను ఇరువురు వేఱొక ప్రయోజనమునకై దీనిని చేపట్టిరి. ఒక యంత్రము వెనుక మఱొక యంత్రమును నిలిపి, మొదటిదాని నడకనే రెండవది నడచునట్లు చేసిరి. మొదటిది కూలినచో రెండవది పని అందుకొనవలెను. వారు కాలమును గడియారముతో కొలువక ఆజ్ఞల సంఖ్యతో కొలిచిరి. జపము చేయువాడు గడియలను చూడక పూసలను లెక్కించినట్లన్నమాట. రెండు యంత్రములలో గడియారములు కలియకపోవచ్చును గాని పూసల లెక్క కలిసి తీఱును. డిస్కునకు పంపిన పని పూర్తియైనదో లేదో తెలియకముందే మొదటి యంత్రము కూలినచో నేమిగతి? రెండవదానికి 'ఫలితము సందేహము' అని చెప్పి, ఆ పనిని మఱల చేయింతురు. అదే గడిలో అదే అంకెను రెండవసారి వ్రాసిన హాని లేదు గదా!

2002లో మిషిగన్ విశ్వవిద్యాలయమున డన్‌లాప్, చెన్ మొదలగువారు రీవర్ట్ అను ఏర్పాటు చేసిరి. వారి చింత దొంగలను గూర్చినది. యంత్రములో చొరబడిన దొంగ తన జాడలను తుడిచివేయును. లోపలి యంత్రమునకు క్రిందనుండి వ్రాయబడిన చిట్టాను మాత్రము వాడు అంత సులభముగా ముట్టజాలడు. డిస్కు మొదటిస్థితిని భద్రపఱచినచో అందలి వ్రాతను చిట్టాకెక్కింప నవసరము లేదని వారు గ్రహించిరి. మఱల నడచునప్పుడు ఆ వ్రాత తనంతట తాను మఱల ఏర్పడును. అందువలననే వారు నడపిచూచిన పనులకు కొన్నినెలల చిట్టా ఒక్క డిస్కులో నిముడగలిగెను.

2003లో ఫాబ్రీస్ బెలార్ అను ఫ్రెంచి పండితుడు క్యూఎమ్యూ అను ఎమ్యులేటరును లోకమునకు ఉచితముగా ఇచ్చెను. రష్యా విజ్ఞానపరిషత్తునకు చెందిన సిస్టమ్ ప్రోగ్రామింగ్ సంస్థలో పావెల్ దొవ్‌గల్యూక్ మొదలగువారు దానికి ఈ విద్యను నేర్పి 2012లో ప్రకటించిరి. 2015 చివర ఆ పని మూలభాగము క్యూఎమ్యూలో చేఱెను. డిస్కుభాగము 2016లో చేఱెను.

ఆ డిస్కుభాగము పనిచేయు తీరు ఇది. లోపలి యంత్రమునకును డిస్కు దస్త్రమునకును నడుమ ఒక కావలివానిని నిలుపుదురు. ప్రతి కోరికయు వాని మీదుగా పోవలెను, ప్రతి సమాధానమును వాని మీదుగా రావలెను. సమాధానము వచ్చినవెంటనే లోపలికి పంపక వాడు వరుసలో నిలుపును. నియమితమైన మజిలీలయందు మాత్రమే లోపలికి విడిచి, ఫలానా కోరిక ఫలానా చోట ముగిసినదని చిట్టాలో వ్రాయును. మఱల నడపునప్పుడు కావలివాడు చిట్టా చూచుకొనుచుండును. డిస్కు ముందుగా ముగించినచో సమాధానమును వ్రాసియున్న చోటు వచ్చువఱకు నిలుపును. ఆలస్యము చేసినచో యంత్రమునే నిలుపును. లోపలివానికి ఆ ఆగుట తెలియదు, ఏలయన వాని కాలము ఆజ్ఞల సంఖ్యయే.

ఒక జాగ్రత్త కలదు. మొదటి నడకలో డిస్కుమీద వ్రాసిన మార్పులు అసలు దస్త్రమున పడినచో, రెండవ నడక మాఱిన కాగితముతో మొదలగును, అంతయు చెడును. కావున అసలు పత్రమును ముట్టక, మార్పులను వేఱొక చీటిపై వ్రాసి, పని ముగియగానే ఆ చీటిని పాఱవేయుదురు.

ఇట్లు చేయగా దోషము పాఱిపోలేదు. ఎన్నిసారులు నడపినను అదే పూసవద్ద అదే తప్పు నిలిచి యుండును. వెనుకకు నడచి చూచుటయు సాధ్యమే: పూర్వపు మజిలీకి పోయి, అచ్చటనుండి ఒక అడుగు తక్కువగా నడచుటయే వెనుకకు నడచుట.

దీనికి మితులును కలవు. ఒకే జ్ఞాపకస్థానమున ఇరువురు గుమాస్తాలు ఒక్కసారి వ్రాయుచున్నట్లు, యంత్రమునకు పెక్కు మెదళ్లున్నచో వరుస వ్రాయుట మిక్కిలి భారమగును. వీఎంవేర్ అను సంస్థ 2009లో ఈ విద్యనాధారముగా జంటయంత్రములను అమ్మెను. అవి ఒంటిమెదడు యంత్రములకే పనికివచ్చెను. 2015లో పెక్కు మెదళ్లకొఱకు ఆ సంస్థ ఈ మార్గమును విడిచి, యంత్రస్థితిని మాటిమాటికి నకలు తీయు మార్గమును పట్టెను. అదిగాక, నడక వ్రాయుచుండగా యంత్రము కొంత మందగించును. చిట్టా వ్రాసిన ఏర్పాటుతోనే దానిని నడపవలెను.

ఇందు నాకు ముఖ్యముగా తోచినది ఒకటి. ఈ పండితులు అన్నిటిని వ్రాయబోలేదు. మఱల లెక్కించి రాబట్టగలదానిని విడిచి, ఎన్నడును రాబట్టలేనిదానిని మాత్రము వ్రాసిరి. డిస్కులోని లక్షలాది అక్షరములను విడిచి, అవి చేఱిన చోటును పట్టుకొనిరి. గ్రామమున తగవు తీర్చునప్పుడు మనము పత్రములోని మాటలను పదిసారులు చదువుదుము గాని, అది ఎవరి చేతికి ఏ పని నడుమ చేఱినదని అడుగుట మఱచెదము. టైలర్‌లో ఆ యిరువురు అడిగినది ఆ ప్రశ్నయే. వారు ఓపికపట్టి అడిగిరి గనుక తప్పు బయటపడెను. అప్పటికే ఇరువురికి ఆ కిరణములు తగిలియుండెను. చిట్టా వ్రాయువాడు ముందే యుండవలెననుటకు అంతకంటె సాక్ష్యము వలదు.