అమ్మీ టిఫిన్ డబ్బా

మా అమ్మీ గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఓ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసేది. ఫజర్ నమాజు కాగానే డబ్బాలో అన్నం, ఖట్టా దాల్ సర్దుకుని బయల్దేరేది. మధ్యాహ్నానికి చేతులు మంటెత్తిపోయేవి, చెంచాతో తినేది. సందు మలుపులోనే హోటలుంది. అన్నేళ్లలో ఒక్కసారీ అందులో కాలు పెట్టలేదు.

"పైసల్లేకనా అమ్మీ?" అని ఓసారి అడిగాను.

"పైసలొక్కటేనా బేటా!" అంది.

ఆ జవాబు వెనక పెద్ద తవారీఖ్ ఉంది. తెల్లదొరల జమానాలో రైల్వే స్టేషన్లలో హిందూ పానీ, ముసల్మాన్ పానీ వేరువేరు. పట్నాల్లో 'బ్రాహ్మణ హోటల్' బోర్డులు. పల్లె టీకొట్టులో దళితుడికి గ్లాసే వేరు. మాంసం తినేవాళ్లకు మిలటరీ హోటళ్లు.

అమెరికాలో నల్లవాళ్లదీ ఇలాంటి కథే. ప్రయాణంలో తమను లోపలికి రానిచ్చే హోటళ్లేవో తెలియడానికి 1936లో విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్ట్‌మ్యాన్ 'గ్రీన్ బుక్' అచ్చేశాడు. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్ల కౌంటర్ దగ్గర కూర్చుని లేవనన్నారు. 1964లో గానీ అక్కడ దేశమంతటికీ కానూన్ రాలేదు. మన రాజ్యాంగం 1950లోనే, 15వ అధికరణంలో హోటళ్ల పేరెత్తి మరీ, మతం, కులం అడ్డు పెట్టొద్దంది.

కానూన్ దర్వాజా తెరిచింది, నిజమే. కానీ అమ్మీ మజ్దూరీ కిలోల లెక్క. హోటల్లో కూర్చున్నంత సేపూ కూలి తగ్గినట్టే. గోష్త్ హలాలో కాదో అన్న ఫికర్ ఒకటి. మగవాళ్ల నడుమ కూర్చోవాలంటే పర్దా ఒకటి. అదే ఇంట్లో అబ్బా మాత్రం రోజుకు రెండుసార్లు హోటల్లో ఛాయ్ తాగొచ్చేవారు. 'ఆ ఇంటివాళ్లు బయట ఎన్నిసార్లు తింటారు?' అని ఎవరైనా లెక్క రాసుకుంటే, అబ్బా ఛాయ్ కప్పుల వెనక అమ్మీ సున్నా కనబడకుండా పోయేది.

మొన్న ఈద్ తర్వాత బలవంతాన అమ్మీని హోటల్ ఫ్యామిలీ రూముకు తీసుకెళ్లాను. "హలాలేనా బాబూ?" అని వెయిటర్ని రెండుసార్లు అడిగింది. బిర్యానీ చెంచాతోనే తింది. ఇప్పుడు చేతులకు మంటేం లేదు, అలవాటంతే. తిన్నాక చుట్టూ బల్లల దగ్గర కూర్చున్న ఆడపిల్లల్ని చూసి మెల్లగా అడిగింది:

"వీళ్లంతా రోజూ వస్తారా బేటా?"