కారు తలుపు చప్పుడు

కుండ కొనువారు దానిని వ్రేలితో మీటి, చెవియొగ్గి విని, పిమ్మట ధర యడుగుదురు. ఖంగున మ్రోగినచో మంచిది, బొంగురుగా పలికినచో పగిలినది. ఈ పరీక్షనే మనవారు కారునకు గూడ పట్టించినారు. నేరేడ్‌మెట్ చౌరస్తాలో పాతకారు బేరమునకు వచ్చినవాడు ఇంజను మూత యెత్తక పూర్వమే తలుపు తీసి, వేసి చూచును. అయితే కుండ మ్రోగవలెను, తలుపు మ్రోగరాదు. దబ్బుమని యొక్కసారి పలికి యూరకుండవలెను. ఈ విపరీతమైన రుచి మన కెట్లు కలిగినదో విచారింతము.

శ్రోతలారా, హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానిని కోరెను. కాని 1911లోనే మరణించెను. ఆ కాలమున రోల్స్‌రాయిస్ వారు ఇంజనును, అడుగు చట్టమును మాత్రమే చేసెడివారు. పైకట్టడము లండనులోని బార్కర్ సంస్థవారిది. వారు గుఱ్ఱపుబండ్లు కట్టి పేరు పొందినవారు. నాటి కారు తలుపునకు ఎముకలు కొయ్య, చర్మము రేకు. కొయ్య ధ్వనిని మ్రింగును గనుక మూసినపుడు మెత్తగా పలికెడిది. కాని కుదుపులకు అతుకులు వదలి, కొన్నాళ్ళకు కిర్రుమనసాగెడిది. 1920 ప్రాంతమున వేమాన్ అను వైమానికుడు కొయ్యకు కొయ్య తగులకుండ నడుమ ఉక్కుబద్దలు బిగించి, పైన తోలుగుడ్డ కప్పెను. చప్పుడు పోయెను, కాని గుడ్డ యెంతకాలము నిలుచును?

ఈలోగా అమెరికాలో ఎడ్వర్డ్ బడ్ ఉక్కురేకులను అచ్చులలో నొత్తి, 1914 నుండి డాడ్జి కార్లకు పైకట్టడములు చేసి యిచ్చెను. ఉక్కు గెలిచినది. దానితో తలుపు డప్పైనది! రేకు వెనుక తారుతో కూడిన పట్టీ నతికించుట దానికి కనుగొన్న చికిత్స. రేకు కంపించినపుడు ఆ బంక సాగి, కదలికను వేడిగా మార్చి యణచును. చుట్టును రబ్బరు వచ్చెను, గడియకు చక్కని పట్టు వచ్చెను. లోపల చిక్కిన గాలి మరియొక చిక్కు. వోక్స్‌వాగన్ బీటిల్‌లో గాలి వెడలు దారి లేక, అద్దము కొంచెము దింపినగాని తలుపు సుఖముగా పడెడిది కాదు. కంటోన్మెంటు వీధులలో తిరిగిన పాత జీపుల కీ బాధ యేమియు లేదు. తలుపే లేదు గదా!

మన దేశమున 1957 మొదలు 2014 వరకు తయారైన అంబాసిడర్ బరువైన తలుపుతో జనుల చెవిని పెంచెను. 1983లో మారుతి వచ్చినపుడు దాని పలుచని చప్పుడు విని "డబ్బా" యని నవ్వినవారు పలువురు. ఆ నవ్వు నాకు సగమే న్యాయముగా తోచును. ప్రక్కనుండి గ్రుద్దుకొన్నపుడు కాపాడునది తలుపులోపల దాగిన యుక్కుకడ్డీ, గడియ పట్టు. అవి చెవికి దొరకవు. అమెరికా 1973 నుండియు, మన దేశము 2017 నుండి క్రొత్త నమూనాలకును ప్రక్కతాకిడి నియమములు విధించినవి.

నేడు కంపెనీలు చప్పుడును యంత్రములతో కొలిచి, వినువారిచే పరీక్షింపించి తీర్చుచున్నవి. పాత కారునకు గూడ దుకాణములలో పట్టీ లతికింతురు. అతికింపుడు, తప్పులేదు, గొళ్ళెమును సరిచేసి, అరిగిన రబ్బరు మార్చిన పిమ్మట అతికింపుడు. తలుపు అడుగున నుండు చిన్న రంధ్రములను మాత్రము మూయనీయకుడు. వానకాలమున అద్దము ప్రక్కగా దిగిన నీరు వానిగుండనే పోవలెను. అవి పూడినచో నీరు నిలిచి రేకు లోలోపల తుప్పుపట్టును. అట్టి తలుపు కూడ పట్టీ బలమున దబ్బుమనియే పలుకును. కావున బేరమాడువారు చప్పుడు విన్న తరువాత వంగి, తలుపు క్రిందియంచున వ్రేలు పెట్టి తడవి చూడవలెను.