మండీలో మూడో మనిషి

ఏప్రిల్ నెలలో మీరు పంజాబ్‌లోని ఖన్నా మార్కెట్‌కు వెళితే ఎటు చూసినా గోధుమ రాశులే కనిపిస్తాయి. అమ్మేది రైతు, కొనేది ప్రభుత్వ సంస్థ. ఇద్దరి నడుమ మూడో మనిషి ఒకరుంటారు. ఆయనను అక్కడ ఆఢతియా అంటారు. మన యార్డుల్లో అడ్తీదారు, కమీషన్ ఏజెంటు అంటాం. ప్రభుత్వమే కొంటున్నప్పుడు ఈయనతో పనేమిటి?

ఆఢతియా ప్రభుత్వ కొనుగోళ్ల కంటే ముందునుంచీ ఉన్నవాడు. విత్తనానికి, పెళ్లికి, వైద్యానికి రైతుకు అప్పిచ్చేది ఆయనే. పంట అమ్మిపెట్టి బాకీ మినహాయించుకునేదీ ఆయనే. తూకాల్లో మోసాలను అరికట్టాలని సర్ ఛోటూ రామ్ మంత్రిగా ఉన్న కాలంలో, 1939లో, పంజాబ్‌లో మార్కెట్ చట్టం వచ్చింది. అది వ్యాపారిని తొలగించలేదు; లైసెన్సు ఇచ్చి అదుపులో పెట్టజూసింది.

1965లో భారత ఆహార సంస్థ, వ్యవసాయ ధరల కమిషన్ ఏర్పడ్డాయి. హరిత విప్లవంతో మండీలకు గోధుమ వెల్లువెత్తింది. దింపించడం, శుభ్రం చేయించడం, తూచడం, బస్తాలకెత్తించడం వంటి పనులకు కావలసిన మనుషులు ఆఢతియా దగ్గరే ఉన్నారు. అందుకే ప్రభుత్వం ఆయన ద్వారానే కొన్నది. మద్దతు ధరలో 2.5 శాతం కమీషన్‌ను చాలా ఏళ్లపాటు కొనుగోలు సంస్థలే చెల్లించాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. రైతుకు రావలసిన సొమ్ము కూడా ఆఢతియా చేతిమీదుగానే వెళ్లేది. అంటే మద్దతు ధర ఇల్లు చేరకముందే అప్పు తీరేది. ఇచ్చినవాడికి ఆ బాకీకి అంతకన్నా గట్టి హామీ ఏముంటుంది?

మన ప్రాంతంలో దారి వేరు. ఇక్కడ ప్రభుత్వం ఎక్కువగా రైసు మిల్లుల నుంచి లెవీ బియ్యం సేకరించేది. 2015లో లెవీ రద్దయ్యింది. మహిళా సంఘాలు, సహకార సంఘాలు నడిపే కేంద్రాలే కొనుగోళ్లకు ప్రధానమయ్యాయి.

2020లో వచ్చిన మూడు వ్యవసాయ చట్టాలు పెద్ద ఉద్యమం తర్వాత 2021లో రద్దయ్యాయి. అదే 2021 రబీ నుంచి పంజాబ్‌లోనూ సొమ్ము నేరుగా రైతుల ఖాతాల్లో పడసాగింది. దారి మారింది, అవసరం మాత్రం మారలేదు. అర్ధరాత్రి ఆస్పత్రి ఖర్చుకు, పొలం కాగితం లేని కౌలురైతు పెట్టుబడికి ఎవరి తలుపు తట్టాలి? బ్యాంకు ఆ తలుపు తెరిచేదాకా మూడో మనిషికి మండీలో చోటు ఉంటూనే ఉంటుంది.