గంజాం బోదకాలు - భీమవరం వారి మందు

ఉగాది సంచికలలో రాజులను, కవులను గురించి వ్రాయడం మనకు అలవాటు. ఈసారి ఒక మాత్రను గురించి వ్రాయదలచినాము. కొడల, బరంపురం ప్రాంతాలలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకూ, పొట్ట చేతబట్టుకొని నిన్నమొన్న వచ్చినవారికీ కూడ ఈ మాత్ర పరిచితమే. దానిని కనిపెట్టడంలో ముందు నిలిచినది తెలుగువాడని మాత్రం చాలమందికి తెలియదు.

మనం బోదకాలు అనే వ్యాధిని మన ఒడియా ఇరుగుపొరుగు గోదర అంటారు. పేర్లు రెండైనా దోమ ఒక్కటే, బాధ ఒక్కటే. దారము వంటి సన్నని పురుగు రోగి శరీరంలో కాపురముండి పిల్లలను కంటుంది. ఆ పిల్లపురుగులు పగలు దాగి, అర్ధరాత్రి వేళ రక్తంలో తిరుగుతాయి. దోమ వాటిని పీల్చి మరొకరికి చేరుస్తుంది. పురుగులకు దోమతో గల ఈ సంబంధాన్ని చైనాలో పనిచేస్తున్న ప్యాట్రిక్ మాన్సన్ 1877లో కనిపెట్టినారు. కారణం తెలిసినది గాని, మరి డెబ్బదేండ్ల వరకు సరియైన మందు దొరకలేదు.

ఆ మందు కథ భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారితో ముడిపడి ఉన్నది. మెట్రిక్యులేషన్ మూడవసారి గాని గట్టెక్కలేదు. సోదరులు ఇద్దరు స్ప్రూ అనే గ్రహణివంటి వ్యాధితో కొద్దిరోజుల తేడాలో మరణించినారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యునికి కోపకారణమైనారు, యం.బి.బి.యస్. దక్కలేదు, యల్.యం.యస్. తోనే తృప్తిపడవలసి వచ్చినది. కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పినారు. తరువాత మామగారి సాయము, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయము పొంది, భార్యను ఇక్కడే విడిచి బోస్టను చేరినారు. మరల ఆమెను చూడలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కె అనే ఆచార్యుని వద్ద ఆయన చేసిన పని పైకి చూస్తే చిన్నది. రక్తంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలవాలి. మాలిబ్డినం లవణం కలిపి, తగిన ద్రావకం చేర్చితే నీలిరంగు వస్తుంది. రంగు చిక్కదనాన్నిబట్టి భాస్వరం లెక్క తేలుతుంది. 1925లో ప్రకటించిన ఈ పద్ధతిని ఫిస్కె - సుబ్బారావు పద్ధతి అని వైద్య విద్యార్థులు తరతరాలుగా చదివినారు. ఆ కొలబద్దతోనే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడినది (1927), దాని వెనుక ఏ.టి.పి. బయటపడినది (1929). కండరం కదలడానికి శక్తి ఎక్కడిది అన్న ప్రశ్నకు అంతవరకు పండితులు చెప్పిన సమాధానం తారుమారైనది. ఒక నీలిరంగు ఇంత పని చేసినదంటే ఆశ్చర్యమే! అయినా ఆ విశ్వవిద్యాలయంలో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి రాలేదు. 1940లో లెడర్లీ మందుల సంస్థ పరిశోధనశాలకు వెళ్ళినారు.

అక్కడ ఆయన నడిపించిన బృందాలు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినాయి. సోదరులను బలిగొన్న స్ప్రూకు పనికివచ్చిన మందులలో అదొకటి. ఆరియోమైసిన్ వచ్చినది, పిల్లల రక్తక్యాన్సరుకు సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్ వచ్చినది. మన కథకు కావలసినది హెట్రాజాన్. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు బోదకాలు పురుగు సోకగా ఆ అన్వేషణ మొదలైనది. పత్తిచేలలో తిరిగే ఒక జాతి ఎలుకకు ఇటువంటి పురుగే పడుతుంది. ఎన్నో రసాయనాలను ఆ ఎలుకలమీద పరీక్షించగా పిపరజీన్ నుండి పుట్టిన డైఇథైల్ కార్బమజీన్ గెలిచినది. 1947లో ఆ వార్త ప్రకటించినారు. మరుసటి ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూసినారు. ఏబది మూడేండ్లే.

చిత్రమేమంటే, ఆ మందు వచ్చిన రెండేండ్లకే, 1949లో, బోదకాలు నివారణకు ప్రయోగాత్మక పథకం ఒరిస్సాలోనే మొదలైనది. 1954 వరకు నడిచినది. దాని అనుభవంతో 1955లో దేశమంతటికీ కార్యక్రమం ఏర్పడినది. అయితే మాత్ర మింగిన రాత్రి కొందరికి జ్వరం, తలనొప్పి వచ్చినాయి. చచ్చిన పిల్లపురుగుల వల్ల వచ్చే బాధ అది. దానిని జనం మందు దోషమనుకున్నారు. ప్రజలు సహకరించక, అందరికీ మాత్రలు పంచడం కొన్నేండ్లకే మానవలసి వచ్చినది. శాస్త్రం గెలిచిన చోట నచ్చజెప్పడం ఓడినదని మా అభిప్రాయం.

గంజాం 1936 వరకు మద్రాసు రాష్ట్రంలోనిది. వైద్యవిద్యకు ఇక్కడివారు విశాఖవైపు చూచేవారు. అక్కడి కళాశాల 1923 నాటిది. బరంపురంలో మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరిట వైద్య కళాశాల 1962లో వెలసినది.

2004 నుండి దేశంలో ఏటా మాత్రలు పంచడం మరల సాగుతున్నది. 2027 నాటికి వ్యాధిని తుడిచివేయాలని ప్రభుత్వ సంకల్పం. చైనా ఇదే మందును ఉప్పులో కలిపి పంచి, 2007 నాటికి ఈ వ్యాధిని వదిలించుకున్నది. మన ఇండ్లలో మాత్రం మాత్ర పుచ్చుకొని గూటిలో పెట్టేవారు ఇంకా ఉన్నారు. కాలు బాగున్నవానికి మందెందుకని అడుగుతారు. వాచిన కాలును ఈ మాత్ర మామూలు చేయలేదు. కాలు బాగుండి, రక్తంలో పిల్లపురుగులున్నవాని నుండే దోమ వాటిని మోసుకుపోతుంది. పెద్దపురుగు ఐదారేండ్లకు పైగా బ్రతుకుతుంది గనుకనే ఒకసారి మింగితే చాలదు; ఏటేటా మింగాలి.